బడి బోర్డు మీద రాయడానికి నిఖార్సైన వింత సంగతులు చెప్పండి

పల్నాడు టీచరమ్మ:

అందరికీ నమస్తే. సత్తెనపల్లి వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా బడి గేటు లోపల ఒక నల్లబోర్డు ఉంది, ప్రార్థన అయ్యాక పిల్లలంతా దాని ముందు నుంచే క్లాసులకు వెళ్తారు. దాని మీద వారానికి రెండు మూడు వింత సంగతులు రాయించాలని అనుకున్నాం. నెట్‌లో "మీకు తెలుసా" అని కొడితే కుప్పలుగా వస్తాయి కానీ చాలావాటిని నమ్మబుద్ధి కాదు. చైనా గోడ చంద్రుడి మీద నుంచి కనిపిస్తుందనేది, మనిషి మెదడులో పది శాతమే వాడుకుంటాడనేది ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి, రెండూ తప్పే. మా పిల్లల్లో చాలామంది ఇళ్లల్లో పెద్దగా చదువుకున్నవాళ్లు లేరు. బడిలో బోర్డు మీద చూశానని పిల్లాడు చెబితే ఇక ఇంట్లో ఎవరూ మారు మాట్లాడరు. అందుకే తప్పుడు సంగతి ఏదైనా దొర్లుతుందేమోనని టెన్షన్.

మీరు ఎక్కడైనా చదివి ఆశ్చర్యపోయి, తర్వాత తవ్వి చూస్తే నిజమేనని తేలినవి చెప్పండి. మన ప్రాంతంతో ఏదో ఒక ముడి ఉంటే మంచిది, అక్కడి నుంచి ఎంత దూరం పోయినా పర్లేదు. అలాగే నిజమో కాదో మీరెలా తేల్చుకుంటారో కూడా రాయండి. ఒక్క లైనుతో సరిపెట్టకండి, మా ఎనిమిదో తరగతి వాళ్లు "ఎందుకు" అని మొదలుపెడితే ఆపరు.

బ్రాడీపేట కుర్రాడు:

టీచర్ గారూ, మీ పక్కనున్న గుంటూరుతోనే మొదలుపెడతాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన దేశం మీదుగా పోయింది, ఆ నీడ దారిలో గుంటూరు, మచిలీపట్నం రెండూ ఉన్నాయి. ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ పని గట్టుకుని గుంటూరు వచ్చాడు, బ్రిటిష్ వాళ్ల తరఫున మేజర్ టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే దిగింది, మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. అసలే వానాకాలం, మబ్బు పడితే అంత ప్రయాణమూ వృథానే.

సంపూర్ణ గ్రహణంలో సూర్యుడి అంచున ఎర్రటి నాలుకల్లాంటివి కనిపిస్తాయి, అవి దేనితో తయారయ్యాయో అప్పటికి తెలియదు. వెలుగును రంగులుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోప్‌లో చూస్తే వాటి వెలుగు ఇంద్రధనుస్సులా ఒకే పట్టీగా కాకుండా విడివిడి రంగు గీతలుగా కనిపించింది, అంటే అవి వేడెక్కి వెలుగుతున్న వాయువులన్నమాట. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చు కదా అని జాన్సెన్‌కు అక్కడే తట్టింది. మర్నాడు పొద్దున్నే మామూలు సూర్యుడి అంచు మీదకు పరికరం తిప్పి చూశాడు, కనిపించాయి. నాకైతే మొత్తం కథలో ఈ మర్నాటి పొద్దే ఇష్టం. అంతవరకు ఎప్పుడో ఏళ్లకోసారి, అదీ నాలుగైదు నిమిషాల కోసం, ఓడలెక్కి ఖండాలు దాటాల్సిన పని కాస్తా ఎండ కాసే ఏ రోజైనా చేసుకోగల పని అయిపోయింది. ఆయన ఇంకో రెండు వారాల పైన గుంటూరులోనే ఉండి రోజూ చూస్తూ కూర్చున్నాడు.

ఇక హీలియం సంగతి. ఏ మూలకం గీతలు దాని చోటే పడతాయి, ఆ చోటును నానోమీటర్లలో చెబుతారు. గ్రహణంలో కనిపించిన గీతల్లో పసుపు పచ్చది ఒకటి ఉంది. పసుపు అనగానే అందరూ సోడియం అనుకున్నారు, ఎందుకంటే సోడియం గీతలు రెండూ దాదాపు అక్కడే, 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఇది ఉన్నది 587.6 దగ్గర. మచిలీపట్నంలో పాగ్సన్‌కు ఇది సోడియం గీతతో సరిగ్గా కలవడం లేదేమోనన్న అనుమానం వచ్చింది కానీ అక్కడితో ఆగిపోయింది. ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఎవరి సాయం లేకుండా, గ్రహణం చూడకుండానే, అదే ఏడాది అక్టోబరు 20న సూర్యుడి అంచు గీతలు పట్టుకున్నాడు. మన దేశం నుంచి జాన్సెన్ రాసిన ఉత్తరం, లాక్యర్ పద్ధతి గురించిన ఉత్తరం పారిస్‌లో సైన్స్ అకాడమీకి ఒకే రోజు అందాయి. ఎవరు ముందు అని కొట్టుకోకుండా ఇద్దరి ముఖాలూ కలిపి ఫ్రెంచి ప్రభుత్వం పతకం వేయించింది. తర్వాత లాక్యర్ ఆ పసుపు గీత భూమ్మీద ఎవరూ చూడని కొత్త మూలకానిదని గట్టిగా నిలబడ్డాడు, చాలామంది నమ్మలేదు. 1895లో లండన్‌లో రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి వచ్చిన వాయువులో అదే గీత చూసేదాకా, అంటే ఇరవై ఏడేళ్లు, ఆ మాట అలా గాలిలోనే ఉంది.

కాబట్టి బోర్డు మీద "హీలియం కనిపెట్టింది గుంటూరులో" అని రాస్తే పూర్తి నిజం కాదు. "గ్రహణం లేకుండా సూర్యుడి జ్వాలలను చూడటం మొదలైంది గుంటూరులో, ఆ దారే హీలియం దాకా తీసుకెళ్లింది" అని రాయండి. కాస్త పొడుగే కానీ అది నిలబడుతుంది.

పుణె తెలుగోడు:

అన్నా, మాకిక్కడ వేరేలా చెబుతారు. కొంకణ్ తీరంలో విజయదుర్గ్ కోట ఉంది కదా, అక్కడి నుంచే లాక్యర్ హీలియం కనిపెట్టాడని అంటారు, ఏటా ఆగస్టు 18న కోట దగ్గర వేడుక కూడా చేస్తారు. అక్కడ ఆయన నిలబడిన అరుగు కూడా చూపిస్తారు. రెండిట్లో ఏది?

బ్రాడీపేట కుర్రాడు:

తమ్ముడూ, అరుగు నిజమే, తేదీ దగ్గరే తేడా. లాక్యర్ విజయదుర్గ్ వచ్చింది 1898 జనవరి 22 నాటి గ్రహణానికి. 1868లో ఆయన ఇంగ్లండు దాటలేదు. 1898 నాటికి రామ్సే హీలియాన్ని గొట్టంలో పట్టి మూడేళ్లయింది. ఇద్దరు పెద్దమనుషులు, రెండు గ్రహణాలు, రెండూ మన దేశంలోనే, కాలక్రమంలో కలిసిపోయి ఒక కథయ్యాయి. అందుకని విజయదుర్గ్‌ను తక్కువ చేయక్కర్లేదు, హీలియం సంగతి లోకానికి గట్టిగా చెప్పిన మనిషి అక్కడికి నిజంగానే వచ్చి గ్రహణం చూశాడు, అది చాలదా.

బ్యాంకాక్ నుంచి మీ బావ:

ఈ గ్రహణం కథకు ఇక్కడ ఇంకో కొస ఉంది, మన దగ్గర పెద్దగా ఎవరూ చెప్పుకోగా వినలేదు. అదే నీడ గుంటూరు, బందరు దాటి బంగాళాఖాతం మీదుగా సయాం వచ్చింది, అంటే ఇప్పటి థాయిలాండ్. అప్పటి రాజు మోంగ్‌కుట్ స్వయంగా ఖగోళ గణితం నేర్చుకున్నవాడు. గ్రహణం ఎక్కడ బాగా కనిపిస్తుందో తానే లెక్క కట్టి, ప్రచువాప్ కిరిఖాన్ ప్రాంతంలో వాకో అనే చోట సముద్రపు ఒడ్డున విడిది కట్టించి, ఫ్రెంచి శాస్త్రవేత్తల్ని, సింగపూర్ నుంచి బ్రిటిష్ గవర్నర్ని పిలిపించాడు. లెక్క తప్పలేదు, గ్రహణం దివ్యంగా కనిపించింది.

కానీ అది అడవీ చిత్తడీ కలిసిన చోటు. తిరిగొచ్చాక రాజుకు మలేరియా, పక్కనున్న కొడుకు చులాలాంగ్‌కార్న్‌కూ జ్వరం. అక్టోబరు 1న రాజు పోయాడు, కొడుకు బతికి, పదిహేనేళ్ల వయసులో గద్దెనెక్కాడు. ఇప్పుడు ఆగస్టు 18 ఇక్కడ జాతీయ సైన్సు దినం, వాకోలో ఆయన పేరుతో సైన్సు పార్కు ఉంది, స్కూలు పిల్లల్ని బస్సుల్లో తీసుకొస్తారు. ఒక్క గ్రహణం ఒక చోట కొత్త మూలకం వైపు దారి చూపించి, ఇంకో చోట ఒక దేశపు రాజును మార్చేసింది. నేనైతే ఈ రెండూ పక్కపక్కన రాయిస్తాను, మధ్యలో మ్యాప్ గీసి.

బేగంపేట ల్యాబ్ టెక్నీషియన్:

మలేరియా మాటొచ్చింది కాబట్టి నేను ఆగలేను. మోంగ్‌కుట్ పోయినప్పుడు దోమకూ ఆ జ్వరానికీ సంబంధం ఉందని తేలలేదు, చిత్తడి నేలల చెడు గాలి వల్ల వస్తుందనే అనుకునేవాళ్లు. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తంలో క్రిమిని చూశాడు. అది మనిషి ఒంట్లోకి ఎలా వెళ్తుందో మాత్రం తెలియలేదు. ఆ ముడి మొదట విప్పింది మన సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న, బ్రిటిష్ సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్.

ఆయన చేసిన పని మా చేతి పనిలాంటిదే కాబట్టి చెబుతాను. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి దోమల చేత కుట్టించేవాడు, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చేవాడు. తర్వాత రోజుకొకటి రెండు దోమల్ని సూదులతో చీల్చి, కడుపు గోడను మైక్రోస్కోప్ కింద పెట్టి ఒక్కో కణం చూసుకుంటూ వెళ్లాలి. ఆగస్టు హైదరాబాద్ ఉక్కపోత, పంకా వేయించుకుంటే ఆ గాలికి దోమలు ఎగిరిపోతాయి, కాబట్టి అదీ లేదు. మామూలు దోమల్లో ఏమీ దొరక్కపోయేసరికి, రెక్కల మీద మచ్చలున్న రకాన్ని తీసుకున్నాడు, ఇప్పుడు మనం అనాఫిలిస్ అంటాం. అవి కొన్నే ఉన్నాయి, మిగిలిన ఒకటి రెండింటిలో ఒకదాని కడుపు గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. ఆ నలుపు రోగి రక్తంలోని క్రిమిలో ఉండే నలుపే. చెడు గాలి సిద్ధాంతానికి అక్కడ బీటలు పడ్డాయి. దోమ కాటుతో జబ్బు వ్యాపించడం ఆయన మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పూర్తిగా చూపించాడు, మనుషుల విషయంలో ఇటలీలో గ్రాస్సీ అనే శాస్త్రవేత్త బృందం చూపించింది. 1902లో రాస్‌కు నోబెల్. ఆగస్టు 20ని ఇప్పుడు ప్రపంచ దోమల దినం అంటున్నారు.

ఆయన పేరుతో పాత విమానాశ్రయం పక్కన ఒక భవనం ఉంది, ఉస్మానియా వాళ్లది. రోజూ దాని ముందు నుంచి వేలమంది పోతారు, ఎంతమందికి తెలుసో. ఇంకొకటి, అదే కాలంలో నిజాం వైద్యశాఖను నడిపిన ఎడ్వర్డ్ లారీ మలేరియా క్రిమి అనేదే లేదని వాదించినవాడు. ఆయన ఆధ్వర్యంలోనే ఆరో నిజాం డబ్బుతో 1888, 1889ల్లో, అప్పట్లో ఆపరేషన్లకు మత్తుమందుగా వాడిన క్లోరోఫాం మీద రెండు కమిషన్లు హైదరాబాద్‌లో కూర్చున్నాయి. క్లోరోఫాం ముందు ఊపిరిని ఆపుతుందే తప్ప నేరుగా గుండెను కాదని తేల్చారు, అది తప్పని తర్వాత రుజువైంది. ఇది కూడా పిల్లలకు చెప్పాల్సిన సంగతే అని నా అభిప్రాయం.

పల్నాడు టీచరమ్మ:

ఏం చెప్పమంటారు, ఒక్క గ్రహణం పట్టుకుని గుంటూరు, సయాం, సికింద్రాబాద్ తిప్పేశారు. ఇది ఒక రోజు బోర్డుకు సరిపోదు, వారమంతా నడుపుతాను. బ్రాడీపేట బాబూ, ఆ గీతలు పిల్లలకు చూపించే మార్గం ఏదైనా ఉందా? మా ల్యాబ్‌లో స్పెక్ట్రోస్కోప్ లేదు, పట్టకం ఒకటే ఉంది, దానికీ ఒక మూల పెచ్చు ఊడింది.

బ్రాడీపేట కుర్రాడు:

ఉంది మేడమ్. పాత సీడీ ఒకటి చాలు. అట్టపెట్టెకు ఒక పక్క బ్లేడుతో సన్నటి చీలిక కొయ్యండి, లోపల ఎదురుగా సీడీని ఏటవాలుగా పెట్టి, పైన కన్ను పెట్టి చూడటానికి కంత పెట్టండి. కొవ్వొత్తి వెలుగు చూస్తే రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఒకే పట్టీ. పాత సీఎఫ్ఎల్ బల్బు చూస్తే ఆకుపచ్చ, నారింజ, ఊదా వేరువేరు గీతలుగా విడిపోతాయి. తర్వాత స్పిరిట్ దీపం మంటలో ఉప్పునీళ్లలో ముంచిన తీగ పెట్టండి, మంట చిక్కటి పసుపుకు తిరుగుతుంది, పెట్టెలో పసుపు గీత ఒకటే మెరుస్తుంది. అదే సోడియం. 1868లో అందర్నీ తికమక పెట్టిన రంగు అదే. సూర్యుడి వైపు మాత్రం పెట్టెను ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పనివ్వకండి, కళ్లు పోతాయి.

సిద్ధవటం సీమోడు:

మా కడపది ఒకటి రాసుకోండి. కలివికోడి. 1848లో శాస్త్రవేత్తలు పేరు పెట్టిన పక్షి, 1900లో అనంతపురం వైపు ఆఖరుగా చూసినట్టు రికార్డుంది, తర్వాత ఎనభై ఐదేళ్లు జాడ లేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె చుట్టుపక్కల, పక్షులు పట్టే మా వూరాయన ఒకరు రాత్రి పూట దాన్ని పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు బొమ్మలు పట్టుకుని ఊరూరూ తిరిగి అడిగారు కాబట్టి అది దొరికింది. లంకమల అభయారణ్యం దీని కోసమే వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా దీని కోసం మార్చారు. రాత్రి తిరిగే పక్షి, పొదల మధ్య ఖాళీ నేల కావాలి దానికి, మరీ దట్టమైన అడవైనా ఉండదు, చదును చేసిన పొలమైనా ఉండదు.

అసలు వింత ఏందంటే దాని గుడ్డు. ప్రపంచంలో ఎవురి దగ్గరా కలివికోడి గుడ్డు లేదనుకుంటుంటే, స్కాట్లాండ్‌లో అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక పాత సేకరణలో బయటపడింది. 1917లో కోలార్ బంగారు గనుల వైపు ఒకాయన తీసుకున్నది, చేతులు మారి ఒక బడికి చేరి, అక్కడి నుంచి మ్యూజియానికి పోయింది. మ్యూజియంలో దాచిన పాత పక్షి డీఎన్‌ఏతో పోల్చి, ఇది దానిదేనని 2013లో ప్రకటించారు. వందేళ్లు డబ్బాలో ఉండి కూడా ఎవరికీ తెలియలేదు సార్. మన దగ్గర కాలేజీ ల్యాబుల్లో, బడి బీరువాల్లో ఏమేం ఉన్నాయో ఎవరైనా చూశారా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తాది.

వర్జీనియా గుంటూరమ్మాయి:

సత్తెనపల్లి టీచర్ గారికి పక్క మండలం సంగతి. బెల్లంకొండ దగ్గర కొల్లూరు వజ్రాల గని ఉండేది, ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. వాషింగ్టన్ స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్న నీలి రంగు హోప్ వజ్రం అక్కడిదేనని అనుకుంటారు. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే గోల్కొండ రాజ్యం నుంచి కొనుక్కెళ్లి 1668లో పద్నాలుగో లూయీకి అమ్మాడు, ఫ్రెంచి విప్లవంలో 1792లో దొంగలెత్తుకుపోయారు, 1812లో లండన్‌లో మళ్లీ కనిపించింది, అప్పటికి సాన పట్టి చిన్నది చేశారు, ఇప్పుడు 45.52 క్యారెట్లు.

నన్ను ఆశ్చర్యపరిచింది దాని చివరి ప్రయాణం. 1958లో యజమాని హ్యారీ విన్‌స్టన్ దాన్ని మ్యూజియానికి ఇచ్చేస్తూ న్యూయార్క్ నుంచి రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. గోధుమ రంగు కాగితం చుట్టి, పెట్టెలో పెట్టి, మామూలు పార్సిలే. మొత్తం ఖర్చు 145 డాలర్ల 29 సెంట్లు, అందులో తపాలా ఖర్చు రెండున్నర డాలర్లు కూడా లేదు, మిగతాదంతా బీమా. ఆ కాగితం కూడా ఇక్కడి తపాలా మ్యూజియం దాచుకుంది. ఇంకోటి, ఆ వజ్రం మీద అతినీలలోహిత కాంతి వేసి ఆపేస్తే చీకట్లో కాసేపు ఎర్రగా వెలుగుతుంది. నీలి రాయి, ఎర్ర వెలుగు. శాపం కథలు మాత్రం బోర్డు మీదకు రానివ్వకండి మేడమ్, వాటిలో చాలావరకు అమ్మకాల కోసం, పత్రికల కోసం అల్లినవి.

లైబ్రరీ మావయ్య:

ఎలా తేల్చుకోవాలని అడిగారు కదమ్మా, ఎవరూ చెప్పలేదు. పెద్ద విద్యేం కాదు. నేను మొదట చూసేది తేదీ, ఊరు, మనిషి ఈ మూడూ కలుస్తున్నాయా అని. విజయదుర్గ్ కథ అక్కడే విడిపోయింది చూడండి, ఆ రోజు ఆ మనిషి ఆ ఊళ్లో లేడు. "ఒక శాస్త్రవేత్త", "ఒక విదేశీ విశ్వవిద్యాలయం" అని ఊరూ పేరూ లేకుండా వచ్చిన దాన్ని అక్కడే వదిలేస్తాను. రెండోది, ఎవరి పేరు వాడారో వాళ్ల దగ్గరికే వెళ్లడం. మన జాతీయగీతం ప్రపంచంలోకెల్లా ఉత్తమమని యునెస్కో ప్రకటించిందని ఏటా వస్తుంది, యునెస్కో అలాంటిది ఎప్పుడూ ప్రకటించలేదు. అదే యునెస్కో 2021 జులైలో మన రామప్ప గుడిని వారసత్వ జాబితాలో చేర్చింది, అది వాళ్ల సైటులో కాగితాలతో సహా ఉంది. వస్తువు గురించైతే ఆ వస్తువు దాచుకున్న మ్యూజియం పేజీ చూడండి, వజ్రం పోస్టు ఖర్చు సెంట్లతో సహా తెలిసింది అలాగే. వికీపీడియా చదవండి, తప్పు లేదు, కానీ కింద వాళ్లు చూపించిన ఆధారం దాకా వెళ్లండి. పిల్లల చేతే వెళ్లించండి, పది నిమిషాల పని.

పల్నాడు టీచరమ్మ:

మావయ్య గారూ, పిల్లల చేతే అన్నది బాగుంది, తొమ్మిదో తరగతికి అప్పగిస్తాను. ఇందాక ఇంటర్వెల్‌లో హీలియం కథ చెబితే ఒక పిల్ల అడిగింది: సూర్యుడిలో దొరికిన గ్యాసు జాతరలో బెలూన్లలోకి ఎలా వచ్చింది టీచర్, అక్కడి నుంచి తెచ్చారా అని. రేపు చెబుతానన్నాను. ఆరో తరగతి పిల్ల, ఆ స్థాయిలో ఎవరైనా చెప్పగలరా?

భీమిలి ఇసుక:

ఆ పాపకు ఇలా చెప్పండి. సూర్యుడి హీలియం సూర్యుడిలోనే ఉంది. మన బెలూన్‌లోది నేల లోపల తయారైంది. రాళ్లలో యురేనియం, థోరియం అనేవి ఉంటాయి, అవి కోట్ల ఏళ్లుగా ఊరికే ఉండక మెల్లమెల్లగా విరుగుతుంటాయి. విరిగిన ప్రతిసారీ చిన్న ముక్క బయటికి వస్తుంది, దాని పేరు ఆల్ఫా కణం. అది రెండు ఎలక్ట్రాన్లను పట్టుకుందంటే హీలియం పరమాణువైపోయినట్టే. రామ్సేకు యురేనియం ఖనిజంలోనే అది దొరకడానికి కారణం ఇదే, కానీ ఆ సంగతి అప్పటికి ఆయనకూ తెలియదు. ఇలా పుట్టిన గ్యాసు కొన్ని చోట్ల సహజవాయువుతో పాటు భూమిలో చిక్కుకుపోతుంది, బావులు తవ్వినప్పుడు వేరు చేసి సిలిండర్లలో నింపుతారు. గాలిలోకి వదిలేస్తే మాత్రం మళ్లీ దొరకదు, మరీ తేలిక కాబట్టి పైకి పోయి చివరికి అంతరిక్షంలో కలిసిపోతుంది.

మా భీమిలి తీరంలో ఇసుకలో మోనజైట్ ఉంటుంది, థోరియం ఉన్న ఖనిజం. అందులోనూ చిటికెడంత హీలియం చిక్కుకుని ఉంటుంది. 1908లో నెదర్లాండ్స్‌లో కామర్‌లింగ్ ఓన్స్ మొదటిసారి హీలియాన్ని ద్రవంగా మార్చినప్పుడు, దానికి కావలసిన గ్యాసును మోనజైట్ ఇసుకను వేడిచేసే తీశాడు, అమెరికాలోని నార్త్ కరోలినా నుంచి తెప్పించుకున్న ఇసుక. ఇంకో మాట, జాతర బెలూన్లు చాలావాటిలో హీలియం ఉండదు, చవకని హైడ్రోజన్ నింపుతారు, దానికి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ఇది ముందు చెప్పండి టీచర్ గారూ, బెలూన్ దగ్గర అగ్గిపుల్ల గీయొద్దని.